కాలవలో నానిన గొడ్డలి

ఆ రోజు పొద్దున్న గిన్నెలు తోముకుందామని రేవులోకి దిగేసరికి నీళ్ళలో గొడ్డలి కనిపించింది. ఇనుము అడుక్కి, కామ పైకి ఉండేటట్టు పెట్టి, కొట్టుకుపోకుండా తాడుతో మెట్టు రాయికి కట్టి ఉంది. ముందు రోజు నేను నూరిన గొడ్డలి. గిన్నెలు అక్కడే వదిలేసి ఒడ్డెక్కాను.

గొడ్డలిని నీళ్ళలో ఎందుకు పెడతారో తెలియనివాళ్ళు ఉంటారు, చెబుతాను. కామ అంటే చేత్తో పట్టుకునే కర్ర. అది గొడ్డలి బెజ్జంలో వదులైతే చెయ్యాల్సిన పని ఒకటే. బాగా ఎండిన చెక్కతో సన్నగా చీల చెక్కి, పైనుంచి బెజ్జంలోకి దిగ్గొట్టాలి. అంత ఓపిక లేనివాళ్ళు గొడ్డలిని నీళ్ళలో పడేస్తారు. తెల్లారేసరికి చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. చేత్తో ఊపితే రాయిలా ఉంటుంది. కాలవ గుమ్మం ముందే పారే మా ఊళ్ళల్లో ఈ అలవాటు ఇంటింటా ఉంది. కానీ ఉబ్బిన చెక్క ఇనుముకి ఒత్తుకుని నలిగిపోతుంది. ఎండకి ఆరాక మొదటికన్నా సన్నబడుతుంది. పొద్దున్న రాయిలా ఉన్నది మధ్యాహ్నానికి ఊడబోయే పన్నులా ఆడుతుంది. నేల మీద నిలబడి పుల్లలు కొట్టుకునేవాడికి దానివల్ల పోయేదేమీ లేదు. ఆ రోజు ఆ గొడ్డలితో మా అల్లుడు కొబ్బరిచెట్టు ఎక్కాలి. కింద తాడు పట్టుకుని నిలబడేది మా అమ్మాయి.

మాది చెట్లు కొట్టే ఇల్లు. మా ఆయన బతికినంత కాలం కోనసీమలో ఆ పనే చేశాడు. చెట్టు మీంచి పడి పోయాడనుకుంటారు చాలామంది. కాదు, కామెర్లతో పోయాడు. ఆయన ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఇనుము నాది, కామ ఎక్కేవాడిది. గొడ్డలి కొనడం, నూరడం, పదును చూడడం నా పని. కామ చెక్కడం, బిగించడం, దాన్ని ఎవరు పట్టుకుంటారో వాళ్ళ పని. నేను కామ ముట్టుకునేదాన్ని కాదు. ఆయన సానరాయి ముట్టుకునేవాడు కాదు. ఒకరి పనిలో ఒకరు వేలు పెడితే పైకెక్కినవాడికి అనుమానం పుడుతుందని, అనుమానంతో చెట్టెక్కకూడదని ఆయన అనేవాడు.

నాకు చదువు నలభై దాటాక వచ్చింది. ఇనుము అంతకు చాలా ముందే వచ్చింది. పెళ్ళైన కొత్తలో సామర్లకోట గుడికి వెళ్ళి వస్తూ రైలుగేటు దగ్గర కొలిమిలో మొదటి గొడ్డలి కొన్నాను. లారీ కమాను పట్టీతో చేసింది. పక్కన ఇంకా కొన్ని నిగనిగలాడుతూ ఉన్నా, మసిపట్టి ఉన్న దాన్నే తీశాను. బెజ్జంలోంచి తాడు దూర్చి వేలాడదీసి రాయితో కొడితే గంటలా మోగింది. మిగతావి బొంగురుగా పలికాయి. బొంగురు పలికితే లోపల ఎక్కడో పగులుందని లెక్క. అంచు మీద ఆకురాయి పెట్టి ఒకసారి లాగి చూశాను. ఆకురాయి అంచుని తేలిగ్గా కొరికితే ఇనుము మెత్తనిది, చెట్టు మీద మడత పడిపోతుంది. అసలు పట్టకుండా గాజు మీదలా జారిపోతే పాయనం ఎక్కువైందన్నమాట. పాయనం అంటే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం. అది ఎక్కువైతే అంచు పెళుసెక్కి పెచ్చులూడుతుంది. కొంచెం పట్టి, కొంచెం జారాలి. ఆ కొంచెం ఎంతో నోటితో చెప్పలేను. చేతికి తెలుస్తుంది.

అల్లుడిది భీమవరం వైపు. పెళ్ళికి ముందు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. చెట్టెక్కడం మా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. బాగానే నేర్చుకున్నాడు, కాదనను. ఈ గొడ్డలి అతను ఫోన్లో చూసి తెప్పించుకున్నది. నల్ల రంగు వేసి, దాని మీద ఎర్రటి సింహం బొమ్మ ముద్రించి, అట్టపెట్టెలో వచ్చింది. సింహాన్ని చూసి నేను మూతి ముడుచుకున్నాను. రాయి మీద పెట్టాక ముడిచిన మూతి విప్పాల్సి వచ్చింది. మంచి ఉక్కు.

అలాంటి ఉక్కుని నూరడం ఎంత సుఖమో చెబితే నవ్వుతారు. రాయి తడిపి, గొడ్డలి చెంపని దాని మీద ఆనించి, గుండ్రంగా తిప్పుతూ పోతే ముందు గరగరమంటుంది. పోనుపోను చప్పుడు సన్నబడి, రాయి మీద బూడిదరంగు గుజ్జు వెన్నలా తేలుతుంది. అంచుకి అవతల పక్క సన్నటి పొర తిరిగి వేలికి తగులుతుంది. తిప్పి రెండో పక్క నూరితే అదీ పోతుంది. ఆ సాయంత్రం కొబ్బరిమట్ట మీద ఆ అంచుని ఊరికే ఆనించాను. నేను కొట్టలేదు, దాని బరువుకే అది దిగిపోయింది. పొయ్యి మీద ఎసరు పెట్టాలని గుర్తున్నా, గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆ సుఖంలోనే చేతికి ఒక ఆట తగిలింది. కంపెనీ వాళ్ళు పెట్టిన కామ చెట్టు మీద ఒంటిచేత్తో ఆడించడానికి పొడుగని, అల్లుడు దాన్ని తీసేసి పొట్టి తుమ్మ కామ చెక్కి పెట్టుకున్నాడు. ఆ తుమ్మకర్ర పచ్చిది. నూరుతుంటే బెజ్జంలో కదిలింది.

చెప్పాలి. ఎలా చెప్పను? మా ఇళ్ళల్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఎదురుగా కూర్చోదు, పేరు పెట్టి పిలవదు. ఏది చెప్పినా అమ్మాయి చేత చెప్పించాలి. ఇప్పటి పిల్లలకి ఇది వింతే, కానీ మేం అలాగే పెరిగాం. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ అబ్బాయీ నేనూ ఒక్క మాట అనుకోలేదు. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు "అన్నం చల్లారిపోతోంది" అని పిల్లితో చెప్పేదాన్ని. అతను వచ్చి పీట వేసుకునేవాడు.

అందుకని ముందు రోజు సాయంత్రమే అమ్మాయితో అన్నాను. "మీ ఆయనతో చెప్పవే, కామ ఆడతంది. చీల వేసుకోమను."

అల్లుడు అరుగు మీదే ఉన్నాడు. నా మాట వినపడుతూనే ఉంది. అయినా అమ్మాయి వెళ్ళి మళ్ళీ చెప్పింది.

"రేపటికి బిగుస్తుందని చెప్పు," అన్నాడు, నాకు వినపడేటట్టు.

ఎలా బిగుస్తుందో తెల్లారాక రేవులో చూశాను. ఒడ్డెక్కి సరాసరి అమ్మాయి దగ్గరికే వెళ్ళాను. అల్లుడు పెరట్లో నడుముకి కట్టుకునే మోకు సరిచూసుకుంటున్నాడు.

"ఏవండీ, నానబెడితే ఎండకి జారిపోద్దంట. చీల వేసుకోమంటంది అమ్మ," అంది అమ్మాయి.

"కామ ఎవరి పనో మీ అమ్మగారికి ఒకసారి గుర్తు చెయ్యి," అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

అది మా ఆయన పెట్టిన మాట. మా ఇంటి కట్టుబాటుతోనే నా నోరు మూశాడు. సానరాయి, చాకు సంచీలో వేసుకుని వాళ్ళ వెనకాలే బయల్దేరాను.

చెట్టు ఊరి చివర రిటైరైన మాస్టారి పెరట్లో ఉంది. వారం కిందటి గాలివానకి వాళ్ళ పెంకుటింటి మీదికి ఒరిగింది. పక్కనుంచే కరెంటు తీగలు. మానుకి నడుమెత్తున ఎర్రముక్కు పురుగు తొలిచిన బొక్క, అందులోంచి రంపపు పొట్టు రాలుతోంది. మిషన్ రంపం తెచ్చినవాడు ఆ బొక్కలో వేలు పెట్టి చూసి, రంపం అదురుకి మాను అక్కడే విరుగుతుందని వెళ్ళిపోయాడు. అందుకే గొడ్డలి. ముందు పైకెక్కి మట్టలు నరకాలి. తరవాత తలకి తాడు కట్టి, మట్టలు మొలిచే మొవ్వ కింద కొట్టి, ఇంటి మీద పడకుండా ఖాళీ పెరట్లోకి లాగాలి. తల బరువు పోయాక మానుని నేల మీంచే కొట్టెయ్యొచ్చు. లైన్‌మేన్ కరెంటు ఆపి, మధ్యాహ్నం దాటితే ఆపలేనని చెప్పి వెళ్ళాడు. మాస్టారూ ఆయన భార్యా ఇల్లు ఖాళీ చేసి అరుగు దిగారు.

ఎండ నెత్తి మీదకి వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఇంకా కాలవలకి నీళ్ళు కట్టెయ్యని రోజులు, కానీ ఎండ మాత్రం ముదిరిపోయింది. అమ్మాయి ఇద్దరు కూలీలతో కలిసి తాడు పట్టుకుంది. వాళ్ళు నిలబడాల్సిన చోటు చెట్టుకి ఎదురుగా, గొడ్డలి ఊడితే ఎగిరొచ్చే వైపు. ఇంకో చోట నిలబడితే తల ఇంటి మీదకే వస్తుంది.

నేను పశువుల పాక నీడలో కూర్చున్నాను. చూడలేదు, విన్నాను. గొడ్డలి దెబ్బని చూసేకన్నా వింటేనే ఎక్కువ తెలుస్తుంది. మట్టలు నరికినంతసేపూ బాగానే ఉంది. చివరి మట్ట పడ్డాక మొవ్వ కింద మాను మీద మొదటి దెబ్బలు పడ్డాయి. ఠక్కు, ఠక్కు. గట్టి దెబ్బ, ఖాళీ లేని దెబ్బ. అంచు పచ్చి చెక్కలోకి ఎంత బాగా దిగుతోందో వింటుంటే, భయంలో కూడా ఒక్క క్షణం సంతోషం వేసింది. ముక్కలు పెద్దపెద్దవి ఎగిరి పడుతున్నాయి.

సగం అయ్యాక దెబ్బ వెనకాల ఇంకో చిన్న చప్పుడు వచ్చింది. ఇనుము కర్ర మీద జరిగిన చప్పుడు. ఇంకో దెబ్బ, మళ్ళీ అదే. నేను లేచాను.

"ఆపమనవే మీ ఆయన్ని!"

అమ్మాయి తాడు వదలకుండానే తలెత్తి అరిచింది. "ఏవండీ! అమ్మ ఆపమంటంది!"

"ఎందుకంట?"

"ఎందుకే అమ్మా?"

"గొడ్డలి ఊడతందని చెప్పు!"

"గొడ్డలి ఊడతందంటండీ!"

"నా చేతిలో ఉంది నాకు తెలీదా? సగం కొట్టాను, ఇప్పుడు ఆపితే గాలికి ఇరిగి ఇంటి మీద పడద్ది! మీ అమ్మగార్ని నీడలో కూచోమను!"

కూలీల్లో ఒకడు నవ్వాడు. "అత్తాఅల్లుళ్ళ మధ్యన టెలిఫోనైపోయావేంటమ్మా," అన్నాడు అమ్మాయితో.

అల్లుడు చెప్పింది అబద్ధం కాదు. సముద్రపు గాలి మొదలైంది. సగం తెగిన తల ఊగుతోంది. ఆపినా ప్రమాదమే, కొట్టినా ప్రమాదమే. అతను మళ్ళీ గొడ్డలి ఎత్తాడు. ఎండలో ఇనుము మెరిసింది. మెరుపు కర్రకి సూటిగా లేదు, పక్కకి తిరిగి ఉంది. దాని ఎదురుగా, కింద, మా అమ్మాయి మొహం పైకెత్తి నిలబడి ఉంది.

"ఒరేయ్! కొట్టావంటే నా కూతురు చచ్చిపోద్దిరా! ఆపరా!"

అది నా గొంతేనని నాకు తెలియడానికి కొంచెం టైము పట్టింది. కూలీ నవ్వు ఆగిపోయింది. చెట్టు మీద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అతను కిందికి చూశాడు, అమ్మాయి వైపు కాదు, నా వైపు.

"దిగొద్దు," అన్నాను. మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. "నువ్వక్కడే ఉండు. మానుకి నడుం బిగించుకో. గొడ్డలి నీ దగ్గరున్న సన్నతాడుకి కట్టి కిందికి దించు. ఇనుముకీ కర్రకీ కలిపి కట్టు, ఒక్క కర్రకే కాదు."

అతను అలాగే కట్టి దించాడు. గొడ్డలి గాల్లో తిరుగుతూ వస్తుంటే నేను కింద నిలబడి అందుకున్నాను. తాడు విప్పి కామ పట్టుకుని ఇలా విదిలించానో లేదో, సింహం బొమ్మ ఇనుము కర్ర మీంచి ఊడి నా కాళ్ళ ముందు మట్టిలో దిగబడింది. మాస్టారి భార్య "అమ్మో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చూసి గుండెలు బాదుకునే తీరిక లేదు. "మాస్టారూ, ఎండిన చెక్క కావాలి. పచ్చిది పనికిరాదు. ఏదైనా సరే, తొందరగా!"

ఆయన ఇంట్లోకి పరిగెత్తాడు. లోపలికి వెళ్ళొద్దని అందరూ అరిచినా వినలేదు. రూళ్ళకర్ర పట్టుకొచ్చాడు. పాతది, నూనెదేలి నల్లబడిన టేకు. బళ్ళో ఎంతమంది వీపుల మీద ఆడిందో తెలియదు. "ఇది పనికొస్తుందా?" అన్నాడు. నేను లాక్కుని చాకుతో చీల్చాను.

అప్పటిదాకా నేను ఏ గొడ్డలి కామనీ ముట్టుకోలేదు. ఎలా చెయ్యాలో మా ఆయన చేస్తుంటే చూసి తెలుసు. చూడడం వేరు. కామ తలలో చాకుతో గీత పెట్టి చీల్చాను. చీలని ఒక పక్క పల్చగా, ఒక పక్క లావుగా చెక్కాను. తొందరలో రెండో చెక్కుడుకే అది విరిగింది. మళ్ళీ చీల్చాను. పైన ఎక్కడో చెట్టు ఫట్టుమంది.

"అమ్మా, తాడు లాగేస్తంది! ఆగట్లేదే!" అమ్మాయి కాళ్ళు మట్టిలో జారుతున్నాయి. మాస్టారు వెళ్ళి తాడు పట్టుకున్నాడు, ఆయన భార్యా పట్టుకుంది. అల్లుడు రెండు చేతులతో మానుని కావలించుకుని మొహం దానికి ఆనించేశాడు. అతని వీపు మీద చెమట కారడం కింద నుంచి కనిపిస్తోంది.

ఇనుముని కామకి ఎక్కించి, చీల పెట్టి, రాయితో కొట్టాను. దిగింది. ఇంకోసారి కొట్టాను. ఇంక దిగనంది. కామ కింది కొసని రాతి మీద తాటించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఒకటే చప్పుడు వచ్చింది. తాడుకి కట్టేశాను.

"లాక్కో! ఒకే చోట కొట్టు, వెడల్పు చెయ్యకు! తల పోయాక మాను వెనక్కి తంతాది, కావలించుకో!"

అతను గొడ్డలి అందుకుని ఒకసారి ఊపి చూసుకున్నాడు. తరవాత కొట్టాడు. వెనకాల చిన్న చప్పుడు లేదు. ఇంకో దెబ్బకి తల వంగింది. కింద ఐదుగురూ ఒక్కసారి లాగారు. ఇంటి చూరుని మట్ట మోడు ఒకటి రాసుకుంటూ, రెండు పెంకులు పగలగొట్టి, తల ఖాళీ పెరట్లో దబ్బున పడింది. మాను ఎదురు తన్నింది. ఆ చివర అల్లుడు బల్లిలా అతుక్కుని అటూ ఇటూ ఊగాడు.

దిగి వచ్చాడు. మోకు విప్పి నేల మీద కూర్చున్నాడు. అమ్మాయి చెంబుతో నీళ్ళిస్తే తాగి, మిగిలినవి మొహం మీద పోసుకున్నాడు. అమ్మాయి అరచేతులు తాడుకి ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. అతను వాటినే చూశాడు, చాలాసేపు. తరవాత తలెత్తకుండా అన్నాడు.

"నలుగురిలో ఒరే అన్నారు."

అమ్మాయికి కాదు చెప్పింది. నాకే.

"అన్నాను," అన్నాను.

"మా నాన్న కూడా అనలేదండి నన్ను ఎప్పుడూ."

"మీ నాన్న కూతురు ఆ చెట్టు కింద లేదు."

"నెమ్మదిగా చెబితే వినేవాణ్ణి కదా."

"సాయంత్రం ఒకసారి, పొద్దున్న ఒకసారి నెమ్మదిగానే చెప్పించాను. విన్నావా?"

"కామ నా పనండి."

"నీ పనే. నేను కాదన్నానా? చెయ్యి మరి."

"అమ్మా, ఇంక ఊరుకో," అంది అమ్మాయి. "మీరూ ఊరుకోండి. ఇంకా మాను ఉంది."

మాస్టారు సగం చీలిన రూళ్ళకర్ర చేతిలో తిప్పుతూ, "కరెంటాయన వచ్చే టైమైందండీ," అన్నాడు మెల్లగా, ఎవరికి చెప్పాలో తెలియక మా ఇద్దరికీ మధ్యన చూస్తూ.

అల్లుడు లేచాడు. గొడ్డలి తీసి రాతి మీద తాటించి తనే విన్నాడు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. నా ముందు నేల మీద పెట్టాడు. కత్తి, గొడ్డలి మేం చేతికి అందివ్వం, కింద పెడితే రెండోవాళ్ళు తీసుకోవాలి. నేను తీసుకుని అంచు చూశాను. ఆ పచ్చి మానులో అంతసేపు కొట్టినా ఎక్కడా పెచ్చు లేదు, మడత లేదు. రాయి తడిపి రెండు పక్కలా తేలిగ్గా పట్టాను. కింద పెట్టాను.

"ఎక్కకు. నేల మీంచే కొట్టు. బొక్క ఉన్న వైపు నిలబడకు," అన్నాను.

"తెలుసండి," అన్నాడు.

"తెలిస్తే మంచిదే."

లైన్‌మేన్ వచ్చే వేళకి మాను పెరట్లో అడ్డంగా పడి ఉంది. పగిలిన పెంకుల గురించి మాస్టారు ఒక్క మాట అనలేదు. ఇంటికి నడుస్తూ కాలవ గట్టు మలుపు దాకా ముగ్గురం మాట్లాడుకోలేదు. అలిసిపోయి కాదు, కోపంతో. నా కోపం నాకుంది, అతని కోపం అతనికుంది, మా ఇద్దరి మీదా అమ్మాయికి ఉంది. ఆ మలుపులో అతను ఆగి, గొడ్డలి భుజం మార్చుకుని, వెనక్కి తిరగకుండానే, "పచ్చి తుమ్మ కాకపోతే ఇంకేం పెట్టమంటారు చెప్పండి? ఎండిన కర్ర ఎక్కడుంది ఊళ్ళో?" అన్నాడు.

"వెతికితే ఉంటది," అన్నాను.

"ఎక్కడ?"

"సరుగుడు తోటల్లో అడుగు. అటక మీద ఎండబెట్టుకున్నవాళ్ళు ఉంటారు."

"సరుగుడు చీలిపోద్దండి."

"చీలదు. నీకు చెక్కడం రాక చీలతంది."

అమ్మాయి మమ్మల్నిద్దర్నీ వదిలేసి ముందుకి నడిచింది. ఇల్లు చేరేదాకా సరుగుడా తుమ్మా అని కొట్టుకుంటూనే ఉన్నాం.